భాగం 9: చిత్తడి నేలల్లో బృంద దోనె విహారం - ప్రణాళిక

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు శరదృతువులో ఒక చిత్తడి నేలలో పది పన్నెండు మందితో దోనె విహారం ఏర్పాటు చేయడానికి ముందుగా ఏయే విషయాలు తేల్చుకోవాలో వివరించగలుగుతారు. నీటి మీద గడిపే కాలాన్ని, తీసుకువెళ్లవలసిన నీటిని, దోనెలో పెట్టదగిన బరువును లెక్క కట్టగలుగుతారు. వీటన్నిటికన్నా ముఖ్యంగా, ఏ పరిస్థితిలో విహారాన్ని రద్దు చేయాలో ముందే నిర్ణయించుకొని, ఆ నిర్ణయానికి కట్టుబడగలుగుతారు.

9.1 ప్రస్తావన

వెనకటి భాగంలో బృంద పర్యటనల నిర్వహణ గురించి సాధారణంగా చదివారు. బస్సులో వెళ్లే పర్యటనలో పొరపాటు జరిగితే ఆలస్యమవుతుంది, లేదా డబ్బు వృథా అవుతుంది. నీటి మీద అదే పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే నీటి విహారాలకు ఒక ప్రత్యేక భాగం కేటాయించాం.

ఉదాహరణగా కొల్లేరును తీసుకొంటున్నాం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఈ మంచినీటి సరస్సు మీలో చాలామందికి తెలిసినదే. చూడకపోయినా విజయవాడ నుంచి ఏలూరు వైపు ప్రయాణించేటప్పుడు దాని పేరైనా విని ఉంటారు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లు తెచ్చే నీరు ఇందులో చేరుతుంది. ఈ నీరంతా ఉప్పుటేరు గుండా సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. వచ్చే దారులు చాలా ఉన్నా పోయే దారి ఒక్కటే. కొల్లేరులో నీటిమట్టం ఎందుకు త్వరగా పెరిగి నెమ్మదిగా తగ్గుతుందో ఈ ఒక్క విషయమే చెబుతుంది.

చిత్తడి నేల అనగానే బురదనేల అని అనుకోవద్దు. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం సహజమైనవైనా మనిషి చేసినవైనా, నీరు ఎల్లప్పుడూ ఉండేవైనా కొంతకాలమే ఉండేవైనా, మంచినీటివైనా ఉప్పునీటివైనా, బాడవలు, సరస్సులు, చెరువులు, మడ అడవులు అన్నీ చిత్తడి నేలలే. పోటు తగ్గినప్పుడు ఆరు మీటర్ల లోతు మించని సముద్రతీర జలాలూ ఈ నిర్వచనంలోకి వస్తాయి. కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది.

9.2 శరదృతువునే ఎందుకు ఎంచుకొంటాం?

చలిదేశాల పుస్తకాల్లో శరత్కాలమంటే ఆకులు రంగు మారి రాలే కాలం. మనకు ఆశ్వయుజ, కార్తీక మాసాలు అలాంటివి కావు. మనకు అది నీరు నిండిన కాలం. నైరుతి రుతుపవనాలు అక్టోబరు నడిమికి మన ప్రాంతం నుంచి వెనుదిరుగుతాయి. ఆ వెంటనే ఈశాన్య రుతుపవనాలు ప్రవేశిస్తాయి. వేసవిలో కొల్లేరులో చాలాచోట్ల దోనె అడుగు నేలకు తగులుతుంది. వానలయ్యాక మోకాలి లోతు నుంచి నిలువు లోతు దాకా నీరుంటుంది. వలస పక్షులు రావడం మొదలవుతుంది. ఆటపాక దగ్గర గూడబాతులు గూళ్లు కట్టే కాలం కూడా ఇదే. ఉదయం ఎండ కాస్త మెత్తబడుతుంది. అన్నిటికీ మించి కార్తీక వనభోజనాల పేరుతో జనం నలుగురూ కలిసి బయలుదేరే కాలమిది.

అయితే ఇదే కాలానికి మరో ముఖం ఉంది. బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా పుట్టేది అక్టోబరు, నవంబరు నెలల్లోనే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ రెండూ శరదృతువులో వచ్చినవే. తుపాను తీరాన్ని నేరుగా తాకనక్కరలేదు. ఎగువన ఎక్కడో కురిసిన వాన రెండు మూడు రోజుల తరవాత ఏళ్ల గుండా సరస్సుకు చేరుతుంది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో విజయవాడ కాలనీలను ముంచిన బుడమేరు చేరేది కొల్లేరుకే. కాబట్టి మీ తల మీద ఆకాశం నిర్మలంగా ఉందని నీరు నిలకడగా ఉన్నట్టు భావించరాదు. విహారానికి ముందు వారం రోజుల వర్షపాతాన్ని మీ ఊరి లెక్కన కాకుండా ఎగువ మండలాల లెక్కన చూసుకోవాలి.

తారీకు ఎంచుకొనేటప్పుడు కార్తీక ఆదివారాలు, సోమవారాలు, పౌర్ణమి వదిలివేయడం మంచిది. రేవుల దగ్గర రద్దీ ఉంటుంది. దోనెలు నడిపేవారు ఆ రోజుల్లో తొందరలో ఉంటారు. తొందర ఉన్నచోట ఇద్దరెక్కే దోనెలో ముగ్గురెక్కుతారు.

9.3 స్థలమూ అనుమతీ

కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. ఐదు అడుగుల కాంటూరు దాకా ఉన్న భాగమిది. సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం పెద్ద ఎత్తున తొలగించిన సంగతి మీకు గుర్తుండవచ్చు. ఆ చెరువుల మీద బతికినవారికి, సరస్సు సహజంగా ఉండాలనేవారికి మధ్య వాదం నేటికీ తెగలేదు. విహారానికి వెళ్లే మీకు ఆ వాదంతో సంబంధం లేదని అనుకోవద్దు. మీరు దోనె దించే గట్టు ఎవరో ఒకరి బతుకుతెరువు. అడగకుండా దిగితే గొడవ ఖాయం.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 27వ సెక్షన్ అభయారణ్య ప్రవేశం మీద ఆంక్షలు విధిస్తుంది. 28వ సెక్షన్ ప్రకారం పర్యాటకం, ఫోటోలు తీసుకోవడం, శాస్త్రీయ అధ్యయనం వంటి పనులకు అనుమతి పొందవచ్చు. స్థానిక అటవీ రేంజి కార్యాలయానికి కనీసం మూడు వారాల ముందు రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. అందులో తేదీ, మనుషుల సంఖ్య, దోనెల సంఖ్య, దిగే చోటు, ఎక్కే చోటు, వెళ్లే దారి స్పష్టంగా ఉండాలి. సొంత దోనెలకు అనుమతి రాకపోతే అటవీశాఖ చూపిన చోట, చూపిన పడవల్లోనే తిరగాలి. దానికి చిన్నబుచ్చుకోనక్కరలేదు. లేదా అభయారణ్యానికి వెలుపల ఉన్న ఒక పెద్ద ఊరచెరువును, ఆ పంచాయతీ అనుమతితో ఎంచుకోవచ్చు. మొదటిసారి వెళ్లే బృందానికి నిజానికి అదే మేలు.

ఇదే చట్టంలో 'వేట' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. పక్షిని కొట్టడమే కాదు, దాని గుడ్లను పాడుచేయడం, గుడ్లను గాని గూటిని గాని కలతపెట్టడం కూడా వేట కిందికే వస్తుంది. దగ్గరగా ఫోటో తీయాలని దోనెను గూళ్ల చెట్టు కిందికి తోస్తే తల్లిపక్షి లేచిపోతుంది. ఆ పది నిమిషాల్లో పిల్లలు ఎండకు మాడిపోవచ్చు, కాకి గుడ్డును ఎత్తుకుపోవచ్చు. పక్షులు తలెత్తి మీ వైపే చూస్తున్నాయంటే మీరు ఇప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చారని అర్థం. అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి తోసుకోవాలి. గూడబాతులనూ ఎర్రకాళ్ల కొంగలనూ నత్తగుల్ల కొంగలనూ దూరం నుంచి బైనాక్యులర్‌తో చూడటమే పద్ధతి.

9.4 దోనె స్వభావం

కొల్లేరు మత్స్యకారులు వాడే తాటిదోనెను మీరు చూసే ఉంటారు. తాటిమొద్దును తొలిచి చేసిన సన్నని దోనె అది. లోతు తక్కువైన చోట గడతో తోస్తారు, లోతున్న చోట తెడ్డు వేస్తారు. పుట్టి పెరిగినవాడు అందులో నిలబడి వల విసురుతాడు. మీరూ నేనూ అందులో నిలబడితే మరుక్షణం నీళ్లలో ఉంటాం. ఎందుకో చూద్దాం.

దోనె మీద రెండు బలాలు పనిచేస్తాయి. బరువు గరిమనాభి నుంచి కిందికి లాగుతుంది. నీటి ఉత్ప్లవన బలం మునిగిన భాగపు మధ్య నుంచి పైకి తోస్తుంది. దోనె ఒక పక్కకు వాలినప్పుడు మునిగిన భాగం ఆ పక్కకు జరుగుతుంది, దానితోపాటు పైకి తోసే బలమూ జరిగి దోనెను తిరిగి నిలబెడుతుంది. గరిమనాభి కిందికి ఉన్నంతవరకు ఇలా జరుగుతుంది. మనిషి లేచి నిలబడగానే గరిమనాభి పైకి పోతుంది. అప్పుడు కొద్దిగా వాలినా బరువు పనిచేసే గీత ఉత్ప్లవన గీతను దాటి బయటికి పోతుంది. ఇక దోనె నిలబడదు, బోర్లా పడుతుంది. మొద్దు గుండ్రంగా, వెడల్పు తక్కువగా ఉన్నకొద్దీ ఈ హద్దు త్వరగా వస్తుంది.

దీని నుంచి మూడు ఆచరణ సూత్రాలు వస్తాయి. దోనెలో అడుగున కూర్చోవాలి, అంచు మీద కాదు. ఎక్కేటప్పుడు ఒంగి, రెండు అంచులూ పట్టుకొని, దోనె నడిమి గీత మీదే అడుగు వేయాలి. బరువైన సామాను, ముఖ్యంగా మంచినీళ్ల డబ్బాలు, అడుగున నడిమిలో పెట్టాలి. ఇవి తాటిదోనెకే కాక ఫైబర్‌తో చేసిన కనూలకూ వర్తిస్తాయి. వెడల్పైన ఫైబర్ కనూ కొత్తవారికి తాటిదోనె కన్నా ఎంతో సులువు. కొత్త బృందం తాటిదోనెలు వాడదలిస్తే ప్రతిదానిలో నడిపేవాడు ఆ ఊరి మత్స్యకారుడే కావాలి. రెండు దోనెలను పక్కపక్కన గట్టి కర్రలతో కలిపి కడితే వెడల్పు పెరిగి ఊగడం బాగా తగ్గుతుంది.

దోనెలో ఎంత బరువు పెట్టవచ్చో తెలుసుకోవడానికి తేలిక మార్గం ఒకటుంది. ఒడ్డు పక్కనే మనుషులు, సామాను ఎక్కాక నీటిమట్టానికి పైన మిగిలిన అంచు ఎత్తు కొలవండి. అది కనీసం 15 సెంటీమీటర్లు ఉండాలి. అంతకన్నా తగ్గితే సామాను దించాలి, అప్పటికీ చాలకపోతే మనిషి దిగాలి.

9.5 బృందం

ఎంతమంది? ఒక నాయకుడు ఒక చూపులో లెక్కపెట్టగలిగినంతమంది. ఈ భాగంలో పన్నెండుమందిని, ఆరు దోనెలను ప్రమాణంగా తీసుకొన్నాం. దోనెకు ఇద్దరు. ప్రతి జంటలో ఒకరైనా ఇంతకుముందు తెడ్డు వేసినవారై ఉండాలి. భార్యాభర్తలను, ప్రాణస్నేహితులను విడదీయమని అడిగితే కొందరు నొచ్చుకొంటారు. అయినా విడదీయవలసి వస్తే విడదీయండి.

పేర్లు రాసుకొనేటప్పుడు ఒక్కొక్కరిని విడిగా పిలిచి నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈత వచ్చా? మూర్ఛ, గుండెజబ్బు, ఉబ్బసం, మధుమేహం ఉన్నాయా? రోజూ ఏ మందులు వాడతారు? నీళ్లంటే భయమా? అందరి ముందు అడిగితే నిజం రాదు. 'ఈత వచ్చండీ' అని గొప్పగా చెప్పినవారిలో కొందరు చిన్నప్పుడు బావిలో డబ్బా కట్టుకొని కొట్టిన ఈతే ఈత అనుకొనేవారు. ఈత రానివారిని తీసుకువెళ్లకూడదన్న నియమం లేదు. కాని వారెవరో నాయకుడికి తెలిసి ఉండాలి.

లైఫ్ జాకెట్ విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. ఒంటికి సరిపోయిన సైజు, తొడల మధ్య పట్టీ ఉంటే అది, అన్ని బకిల్సూ బిగించి ఉండాలి. భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగితే చెవుల దాకా వచ్చేదైతే ఆ జాకెట్ పనికిరాదు. ఉక్కగా ఉందనీ, ఫోటోలో బాగుండదనీ, మాకు ఈత వచ్చనీ విప్పేస్తామంటారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక పడవ మునిగి 40 మందికి పైగా చనిపోయారు. ఆ దుర్ఘటన తరవాత లైఫ్ జాకెట్ల మాట ఊరూరా వినిపించింది. ఒంటి మీద లేని జాకెట్, దోనె అడుగున ఉన్న జాకెట్, రెండూ ఒకటే. దోనె బోర్లా పడ్డాక నీళ్లలో జాకెట్ తొడుక్కోవడం ఎంత కష్టమో మోకాలి లోతు నీటిలో ఒకసారి ప్రయత్నించి చూడండి.

నీటి మీద ముందు దోనె, వెనక దోనె అనే రెండు స్థానాలు ఖాయం చేయాలి. దారి తెలిసినవారు ముందు దోనెలో ఉంటారు. వారిని దాటి ఎవరూ పోరాదు. అందరికన్నా నేర్పరి చివరి దోనెలో ఉంటాడు. అతని వెనక ఎవరూ ఉండరాదు. వేగం ఎప్పుడూ అందరికన్నా నెమ్మదైన జంటదే. ఈలకు భాష ముందే నేర్పాలి: ఒక ఊత అంటే 'ఆగి నా వైపు చూడండి', మూడు ఊతలు అంటే 'ప్రమాదం'. కిక్కిస గడ్డి మనిషిని మించి పెరుగుతుంది. అందులో మలుపు తిరిగిన దోనె కనబడదు, కేక కూడా సరిగా వినబడదు, ఈల వినబడుతుంది.

9.6 కాలం లెక్క

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. మీరు కాగితం మీద నాతోపాటు వేయండి.

రేవు నుంచి పక్షులను చూసే చోటుకు 3 కిలోమీటర్లు అనుకొందాం. కొత్తవారున్న బృందం నిలకడ నీటిలో గంటకు 3 కిలోమీటర్లకు మించి పోదు. వెళ్లడానికి 1 గంట. అక్కడ 45 నిమిషాలు ఆగుతారు. తిరుగు ప్రయాణంలో గాలి ఎదురు కావచ్చు, అలసట ఉంటుంది. కనుక వేగం గంటకు 2 కిలోమీటర్లుగా తీసుకొంటే 1 గంట 30 నిమిషాలు. మొత్తం 3 గంటల 15 నిమిషాలు. దీనికి మూడోవంతు, అంటే సుమారు 1 గంట 5 నిమిషాలు, అనుకోని ఆలస్యాల కోసం కలపాలి. అంతా 4 గంటల 20 నిమిషాలు. ఉదయం 7 గంటలకు నీటిలో దిగితే ఎంత ఆలస్యమైనా 11 గంటల 20 నిమిషాలకు ఒడ్డున ఉంటారు.

మధ్యాహ్నం బయలుదేరితే? నవంబరు మొదట్లో ఏలూరు ప్రాంతంలో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది. రెండు గంటలకు దిగితే లెక్క ప్రకారం 6 గంటల 20 నిమిషాలకు, అంటే చీకట్లో, ఒడ్డు చేరతారు. కాబట్టి మధ్యాహ్నపు విహారం ఈ దూరానికి కుదరదు. దూరం తగ్గించాలి.

ఇక నీళ్లు. మనిషికి గంటకు అర లీటరు చొప్పున 4 గంటల 20 నిమిషాలకు 2.2 లీటర్లు వస్తుంది, 2.5 లీటర్లు పెట్టుకొందాం. పన్నెండుమందికి 30 లీటర్లు, అంటే 30 కిలోలు, దోనెకు 5 కిలోలు. ఇద్దరు మనుషులు 130 కిలోలు, సంచి 10 కిలోలు. మొత్తం దోనె మీద 145 కిలోలు. అద్దెకిచ్చేవారిని ఈ అంకె చెప్పి, వారి దోనె మోస్తుందా అని అడగాలి. 'ఇద్దరెక్కొచ్చండీ' అన్న జవాబు చాలదు. సరస్సు నిండా నీరున్నా తాగడానికి పనికిరాదు గనుక నీళ్ల బరువును తగ్గించుకోవాలని చూడకండి.

గాలి గురించి ఒక మాట. తీరానికి దగ్గరలో పొద్దెక్కేకొద్దీ గాలి పెరుగుతుంది. బయలుదేరేటప్పుడే గాలి వీస్తూ ఉంటే మొదట దానికి ఎదురుగా వెళ్లాలి. అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది. గాలివాటున హాయిగా సాగిపోయిన బృందాలే తిరిగి రాలేక ఇబ్బంది పడతాయి.

ఒక అనుభవం చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒక నవంబరులో మేం ఎనిమిది మందిమి నాలుగు దోనెల్లో ఒక సరస్సులోకి వెళ్లాం. ఏడింటికి బయలుదేరాల్సింది, టిఫిను రావడం ఆలస్యమై పదింటికి దిగాం. గాలి మా వెనక నుంచే వీచింది. పాటలు పాడుకుంటూ వెళ్లాం. తిరిగి చూసేసరికి మేం వచ్చిన కాలువ లేదు. గాలికి గుర్రపుడెక్క మొత్తం కొట్టుకొచ్చి దారిని మూసేసింది. దాని మీద దోనె పోదు, అందులో దిగి నడవలేం. అర కిలోమీటరు దాటడానికి మూడు గంటలు పట్టింది. చివరికి మావులు ఎత్తడానికి వచ్చిన ఒక పెద్దాయన చూసి, గడతో దారి చేసి బయటికి లాగాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఆ మూడు గంటల్లో నన్ను తొలిచిన విషయం ఒకటే: మేం ఎప్పటికి తిరిగొస్తామో ఒడ్డున ఒక్కరికీ చెప్పి రాలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
పై లెక్కలో దూరం 4 కిలోమీటర్లైతే మొత్తం కాలం ఎంత? ఉదయం ఏడింటికి దిగిన బృందం ఏ వేళకు ఒడ్డు చేరాలి? మనిషికి ఎన్ని లీటర్ల నీరు కావాలి?

9.7 దోనె బోర్లా పడితే

పడదని అనుకొని ప్రణాళిక వేయకూడదు. పడుతుందనే వేయాలి. విహారానికి ముందురోజు లేదా ఆ ఉదయమే నడుంలోతు నీటిలో ప్రతి జంటా ఒకసారి కావాలనే దోనెను బోర్లా వేసి చూడాలి. నవ్వులాటగానే ఉంటుంది, కాని మొదటిసారి నీళ్లు మింగినప్పటి కంగారు అక్కడే తీరిపోతుంది.

పడినవారు మొదట దోనెను పట్టుకోవాలి. బోర్లా పడినా అది తేలుతూనే ఉంటుంది, దూరం నుంచి కనబడుతుంది. ఒడ్డు దగ్గరగానే ఉందనిపించి ఈదబోవడం తప్పు. నీటి మీద దూరం ఎప్పుడూ తక్కువగా కనిపిస్తుంది. రెండో తప్పు, కాళ్లు ఆనతాయేమోనని నిలబడటం. కొల్లేరు అడుగు మెత్తని ఒండ్రు. కాలు దిగబడితే రెండో కాలితో తన్నుకొని బయటపడాలని చూస్తారు, అదీ దిగబడుతుంది. లైఫ్ జాకెట్ మీద వెల్లకిలా తేలుతూ, కాళ్లు పైకి ఉంచి, దోనెను పట్టుకొని ఉండటమే సరైన పని.

మిగతావారిలో ఒక్క దోనె మాత్రమే సాయానికి వెళ్లాలి, రెండోది దగ్గరలో సిద్ధంగా ఉండాలి. అందరూ మూగితే మరో దోనె బోర్లా పడటం ఖాయం. సాయానికి వచ్చినవారు పడిన దోనె కొసను తమ దోనె మీదికి అడ్డంగా లాగి, బోర్లాగా ఉంచి నీళ్లు కార్చి, తిరగేసి నీటిలోకి జార్చాలి. ఆ తరవాత రెండు దోనెలనూ పక్కపక్కన గట్టిగా పట్టుకొంటే నీళ్లలో ఉన్నవారు ఒక్కొక్కరుగా ఎక్కవచ్చు. తాటిదోనెలు బరువు గనుక ఇది ఫైబర్ దోనెలతోనే సాధ్యం. తాటిదోనెలైతే మనుషులను ఎక్కించుకొని, దోనెను తరవాత తెచ్చుకోవాలి.

ఉరుము వినబడితే క్షణాలు లెక్కపెట్టండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు దూరం. ముప్పై సెకన్ల లోపే ఉరిమిందంటే పిడుగు మీకు పది కిలోమీటర్ల లోపలే ఉంది. వెంటనే దగ్గరి ఒడ్డు చేరాలి. ఒంటరి తాటిచెట్టు కింద నిలబడకూడదు. కార్లో గాని పక్కా భవనంలో గాని ఉండాలి. చివరి ఉరుము తరవాత ముప్పై నిమిషాలు గడిచేదాకా నీటిలో దిగకూడదు.

పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం చేయరాదు. కదలకుండా పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చాలి. 108కి గాని 112కి గాని ఫోన్ చేసేటప్పుడు ఏ రేవు, ఏ ఊరు అన్నది చెప్పగలగాలి, ఆ వివరం ముందే రాసి ఉంచుకోండి. వరదనీటిలో తిరిగినవారికి ఎలుక జ్వరం సోకే ప్రమాదం ఉంది. ఒంటి మీద గాయాలుంటే నీటిలో దిగకముందే కట్టు కట్టాలి. విహారం తరవాత రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పులు వస్తే డాక్టరుకు 'నీళ్లలో తిరిగాం' అన్న మాట తప్పక చెప్పాలి. చెప్పకపోతే ఆయనకు ఆ అనుమానమే రాకపోవచ్చు.

9.8 రద్దు నిర్ణయం

ఈ భాగంలో అన్నిటికన్నా కష్టమైన విషయమిది. 2017 నవంబరు 12 కార్తీక ఆదివారం. కృష్ణానదిలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. వారంతా ఒక మంచి సాయంత్రం గడపడానికి వచ్చినవారే. ఇలాంటి దుర్ఘటనల కథలు విన్నప్పుడు మనకు 'ఎవరూ ఆపలేదా?' అనిపిస్తుంది. రేవు దగ్గర నిలబడి ఆపడం ఎంత కష్టమో ఆ స్థానంలో ఉన్నవారికే తెలుస్తుంది. బస్సుకు డబ్బు కట్టారు. వంటవాళ్లు వచ్చేశారు. ఊరి నుంచి చిన్నాన్నగారి పిల్లలు కూడా వచ్చారు. అందరూ మీ ముఖం చూస్తున్నారు. 'ఇంత దూరం వచ్చాం, ఒక్క రౌండు వేసొద్దాం లెండి' అని ఎవరో అంటారు. ఆ క్షణంలో కొత్తగా ఆలోచించి 'వద్దు' అనగలిగేవారు తక్కువ.

అందుకే రద్దు షరతులను రెండు వారాల ముందే కాగితం మీద రాసి, పేరిచ్చిన ప్రతివారితో సంతకం చేయించండి. షరతులు అంకెల్లో, కంటికి కనిపించే గుర్తుల్లో ఉండాలి. 'వాతావరణం బాగోకపోతే' అన్నది షరతు కాదు, దాని మీద వాదించవచ్చు. ఇలా రాయండి: భారత వాతావరణ శాఖ ఆ జిల్లాకు ఆ రోజుకు ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఇస్తే విహారం లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉండి, కోస్తాకు తుపాను హెచ్చరిక జారీ అయితే లేదు. రేవు దగ్గర అలల మీద తెల్లని నురగ కనిపిస్తే లేదు. ముందురోజు పాతిన కర్ర మీద నీరు తెల్లారేసరికి జానెడు పెరిగితే లేదు. ఒక్క లైఫ్ జాకెట్ తగ్గినా ఒక మనిషి ఒడ్డున ఉండిపోతాడు. ఎనిమిది దాటినా దిగలేకపోతే విహారం లేదు. చివరిగా, ఆ ఊరి మత్స్యకారుడు 'ఇయ్యాల వద్దండి' అంటే కారణం అడగకుండా ఆగిపోవాలి. గాలివాసన పట్టడంలో అతనికున్న అనుభవం మీ ఫోనులో ఉండదు. అతనికి ఆ రోజు కూలి ముందే, విహారం జరిగినా జరగకపోయినా, ఇస్తామని చెప్పండి. లేకపోతే 'వద్దు' అనడం వల్ల నష్టపోయేది అతనే అవుతాడు, అప్పుడు అతని మాట మీద మీరు ఆధారపడలేరు.

వాతావరణ శాఖ తుపాను సూచనలు సాధారణంగా 72 గంటల ముందు నుంచి అంచెలంచెలుగా వస్తాయి. కనుక మూడు రోజుల ముందు ఒకసారి, ముందురోజు సాయంత్రం ఒకసారి, ఆ ఉదయం ఒకసారి చూడటం చాలు. గంటగంటకూ చూస్తూ కూర్చుంటే ఏదో ఒక దానిలో మనకు కావలసిన జవాబు దొరికే దాకా వెతుకుతాం.

రద్దయిన రోజు జనాన్ని వట్టి చేతులతో పంపకండి. వంట సామాను ఎలాగూ ఉంటుంది. ఏదైనా ఉసిరి తోటలో వనభోజనం, గట్టు మీద నుంచి పక్షులను చూడటం, కొల్లేటికోటలోని పెద్దింట్లమ్మ గుడికి రోడ్డు దారిన వెళ్లి రావడం వంటివి ముందే అనుకొని ఉంచితే 'వద్దు' అనడం మీకు సులువవుతుంది.

9.9 ఒడ్డున ఉండే మనిషి

బృందంతో నీటిలోకి రాని, ఫోన్ దగ్గర ఉండే ఒకరికి ఒక కాగితం ఇచ్చి వెళ్లాలి. అందులో పన్నెండుమంది పేర్లు, ఇంటి ఫోన్ నంబర్లు, ఎవరికి ఏ జబ్బు, ఈత రానివారు ఎవరు, దోనెల రంగు, దిగిన రేవు, వెళ్లే దారి, తిరిగి రావలసిన వేళ ఉండాలి. మన ఉదాహరణలో ఆ వేళ 11 గంటల 20 నిమిషాలు. అప్పటికి కబురు లేకపోతే ఆ మనిషి మొదట నాయకుడికి ఫోన్ చేస్తారు. పదిహేను నిమిషాలు చూసి రేవులోని మత్స్యకారులకు చెబుతారు. 12 గంటలకు 112కి ఫోన్ చేస్తారు. 'ఇంకాసేపు చూద్దాం, అనవసరంగా గాభరా పెట్టినట్టవుతుంది' అన్న ఆలోచనకు తావులేకుండా ఈ వేళలు అంకెలతో రాసి ఉండాలి. ఒడ్డు చేరగానే మొదటి ఫోన్ ఆ మనిషికే చేయాలి. ఫోటోలు పంపడం ఆ తరవాత. ఈ పనికి మాటకు కట్టుబడే మనిషిని ఎంచుకోండి. మా ఎనిమిది మందికి ఆ రోజు లేనిది ఆ ఒక్క మనిషే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
మీ జిల్లాలోని ఒక చిత్తడి నేలను ఎంచుకొని, పన్నెండుమందికి ఒక ఉదయపు దోనె విహారాన్ని ఊహించండి. ఒడ్డున ఉండే మనిషికి ఇచ్చే కాగితాన్ని పూర్తిగా రాయండి. దాని వెనక వైపు మీ రద్దు షరతులు ఐదు రాసి, మీ ఇంట్లోనో ఇరుగుపొరుగునో ఒకరికి చదివి వినిపించండి. ఏ షరతు దగ్గర వారు 'అంత పట్టింపు అక్కరలేదులే' అన్నారో దాని కింద గీత గీసి, దానిని ఎందుకు సడలించకూడదో 150 మాటల్లో వివరించి, మీ అధ్యయన కేంద్రంలో జరిగే తరవాతి సంప్రదింపు తరగతికి తీసుకురండి.